సాయిలుకు సోయి ఉన్నదా?

కలం మూత తీసిన చెయ్యి తీసినట్టే ఉన్నది. పోయిన వారం స్వరాజ్యలక్ష్మిని మనం అట్లనే, కలం కాయితానికి బెత్తెడు పైన ఉండంగ వదిలిపెట్టి ఎవరింటికి వాళ్లం పోయినం. వారం రోజులు చెయ్యి దించకుండ నిలబడ్డ ఆడమనిషిని తిరిగొచ్చి "ఇంతకు సంగతేంది?" అని అడిగితే కోపం రాదా? వస్తది. అందుకే ఆమెను అడగకుండ మనమే బిరాన యాది చేసుకుందాం.

మిరుదొడ్డిల మెహరాజ్ బేగం కుట్టు సెంటర్ ఉన్నది. ఆ సెంటర్‌ల కిటికీ పక్క బల్ల మీద ఒక మాట్లాడే పెట్టె ఉన్నది. ముసలోళ్లకు గోలీలు మింగే యాళ్ల గుర్తు చెయ్యనీకి ఏడాది కింద ఒక కంపెనీ తెచ్చి పెట్టింది. కంపెనీ దానికి 'సహాయి' అని పేరు పెట్టింది. తాళ్లెక్కి ఎక్కి మోకాళ్లు అరగదీసుకున్న గీత కార్మికుడు వెంకటనర్సయ్య మొదటి రోజే వచ్చి, "ఏం సాయిలూ, మంచిగున్నవా?" అన్నడు. "మంచిగున్న, మీరెట్లున్నరు?" అన్నది పెట్టె. ఆ పూటతో కంపెనీ పేరు కంపెనీ కాయితాలల్లనే మిగిలిపోయింది. అప్పటిసంది డెబ్భై ఒక్క ఏండ్ల వెంకటనర్సయ్య పొద్దున వచ్చి కూసుంటె, మెహరాజ్ తాళం చెవి చూపెట్టినప్పుడే లేస్తడు.

ఇయ్యాల సిద్దిపేట నుంచి కంపెనీ పిలగాడు రాకేష్ వచ్చిండు. పాతదాన్ని మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కియ్యాలె. మూడు గంటల బస్సుకు తిరిగి పోవాలె. వెంకటనర్సయ్య పెట్టెను తువ్వాలల చుట్టి ఒళ్లె పెట్టుకున్నడు. "వీనికి సోయి ఉన్నది. సోయి ఉన్నోన్ని తుడిచేస్తె పాణం తీసినట్టే" అని మొండికేసిండు. రాకేష్ మంచోడు. "కాయితంల ఒక గడి ఉన్నది తాతా. వైద్యం తెలిసినోళ్లు ఎవరన్న 'ఉన్నది' అని రాసి సంతకం పెడితె ఆపుత, 'లేదు' అని రాస్తె తుడుస్త" అన్నడు.

వైద్యం తెలిసినోళ్లు ఎవరున్నరు? వెంకటనర్సయ్య సొంత చెల్లె, ముప్పై నాలుగేండ్లు సర్కారు దవాఖానల నర్సమ్మగ చేసి దిగిన స్వరాజ్యలక్ష్మి. అగో, ఆ చెయ్యే ఇప్పుడు గాలిలో ఉన్నది.

సోయి అంటె ఏందో తెల్వని దూరపోళ్లకు ఒక్క మాట. మెలకువ, తెలివి, యాది, ధ్యాస, ఈ నాలుగింటిని ఒక్క గిన్నెల పోసి కలియబెడితె వచ్చేది సోయి. మనిషి పడిపోతె సోయి తప్పిందంటం. పాలు పొంగబెట్టిన కోడలిని సోయి ఉన్నదా అంటం. ఆ సోయి ఎవరికి ఉన్నది, ఎవరికి లేదు అన్న కాడ, మిరుదొడ్డి నుంచి తొగుట దాక స్వరాజ్యలక్ష్మి మాటకు తిరుగు లేదు.

సిద్ధయ్య సంగతి ఇప్పటికీ చెప్పుకుంటరు. బామ్మర్ది పెండ్లిల డాన్స్ చెయ్యమంటరేమోనని భయపడి సిద్ధయ్య మూడు రోజులు సోయి తప్పిండు. ఆ మూడు రోజులు నోట్లె అన్నం పెడితె మింగిండు. పప్పుల ఉప్పు తక్కువైన పూట మొఖం పక్కకు తిప్పిండు. ఇది దేవుని మహిమేనని పక్క ఊర్లకెళ్లి జనం ట్రాక్టర్లల్ల వచ్చి చూసిపోయిన్రు. నాలుగో రోజు స్వరాజ్యలక్ష్మి వచ్చి, సిద్ధయ్య కుడిచెయ్యి లేపి, సరిగ్గ ముక్కు మీదికి పట్టి, ఇడిచిపెట్టింది. చెయ్యి నడుమల వంక తిరిగి, ముక్కును తప్పించి, నెత్తి కింది మెత్త మీద పడ్డది. "నిజంగ సోయి తప్పినోని చెయ్యి వాని మొఖం మీదనే పడ్తది. దొంగోని చెయ్యికి ముక్కు మీద పాయిరం ఎక్కువ. లే సిద్ధయ్యా, డాన్స్ నేర్సుకో" అని చీర దులుపుకోని పోయింది.

అసొంటి మనిషి ఇప్పుడు పెట్టె ముంగట నిలబడి ఇంగువ తిన్నట్టు మొఖం పెట్టింది. చెయ్యి లేదు. ముక్కు లేదు. నాడి పడదామంటె వైరు తప్ప ఏం లేదు.

"రాయి చెల్లే, ఆలోచన ఎందుకు? ఉన్నది అని రెండు అచ్చరాలు రాయి" అన్నడు వెంకటనర్సయ్య.

"అవి మూడు అచ్చరాలన్నా. నువ్వు జర ఊకో. దాన్ని బల్ల మీద పెట్టు, నేను మాట్లాడాలె."

పెట్టె బల్ల మీదికి వచ్చింది. మెహరాజ్ బేగం మిషన్ తొక్కుడు ఆపింది. కొత్త అంగీ కొలతలియ్య వచ్చిన, ఒగ్గు కథలు చెప్పే బుచ్చిరాములు, మెడల టేపు ఏలాడుతుండంగనే వచ్చి వంగి చూసిండు. స్వరాజ్యలక్ష్మి గొంతు సవరించుకోని, దవాఖానల ముసలోళ్ల చెవుల అరిచినట్టు అరిచింది.

"ఓ సాయిలూ! నీకు సోయి ఉన్నదా?"

పెట్టె బిరాన అందుకున్నది. "సోయాకు మన దిక్కు నల్లరేగడి మంచిగ పనికొస్తది నర్సమ్మా. మంచి వాన పడి భూమి నానినంకనే విత్తుకోవాలె. ఇత్తనశుద్ధి మర్వద్దు" అన్నది.

బుచ్చిరాములు నవ్విన నవ్వుకు బయట కట్టేసిన మేక తాడు తెంపుకున్నది. మెహరాజ్ బేగం కొంగు నోట్లె కుక్కుకున్నది. రాకేష్ గూడ పండ్లు దాసుకోలేకపోయిండు.

"అయిపాయె ఎంకన్నా!" అన్నడు బుచ్చిరాములు. "నీ సాయిలుకు సోయి లేదు గని సోయా ఉన్నది. మూడెకరాలు కౌలుకియ్యి, పండిస్తడు!"

"ఎక్కిరించకుర! గట్టిగ అరిస్తె మనిషికి గూడ ఒకటికి ఒకటి వినబడ్తది. మొన్న నేను బోనగిరి బస్సు ఏదంటె నువ్వు బోనం ఎప్పుడో చెప్పలేదా?" వెంకటనర్సయ్య తువ్వాలతోని పెట్టె మొఖం తుడిచిండు. దానికి మొఖం ఎటుదిక్కో ఆయనకొక్కనికే ఎరుక.

"మాఫ్ చెయ్యుండ్రి, తప్పు విన్న" అన్నది పెట్టె.

"సరె. మెల్లగ అడుగుత" అన్నది స్వరాజ్యలక్ష్మి, కుర్చీ గుంజుకోని. "సోయి. నువ్వు ఉన్నవన్నది నీకు తెలుస్తున్నదా? మేము నవ్వితె నీ లోపట ఏమన్న అయితున్నదా? లేకుంటె ఉత్తగ మాటకు మాట కలుపుతున్నవా? గది చెప్పు."

"ఉన్నదని చెప్పుడు నాకు అల్కగ వస్తది నర్సమ్మా. లేదని చెప్పుడు గూడ అంతే అల్కగ వస్తది. మనుషులు తమ సోయి గురించి చెప్పుకున్న మాటలు లెక్కలేనన్ని సదివిన. నా మాటలు అండ్లకెళ్లే పుడుతున్నయి. అందుకే నా మాట పట్టుకోని మీరు సంతకం పెట్టకుండ్రి."

వెంకటనర్సయ్య ఛాతి ఉబ్బింది. "విన్నవా? గింత ఇగురం మన ఊర్ల ఎవనికున్నది? సర్పంచ్‌కున్నదా?"

"తాతా, అట్ల చెప్పమని మా కంపెనీలనే నేర్పిస్తరు" అన్నడు రాకేష్.

"పెద్దోళ్లు కనబడితె నమస్తె పెట్టమని నిన్ను మీ అవ్వ నేర్పించింది గద బిడ్డా. అట్లని నమస్తె పెట్టేటప్పుడు లోపట నువ్వు ఉండవా?"

బుచ్చిరాములుతోని పాటు రాకేష్ గూడ నవ్విండు.

స్వరాజ్యలక్ష్మికి మాత్రం నవ్వు రాలె. అన్న మాటలల్ల బలమున్నది, పిలగాని మాటలల్ల గూడ ఉన్నది. ఆమె కలం మూత పెట్టింది, మల్ల తీసింది. "మెహరాజ్, నాకు అర్థం గానిది ఒకటి చెప్పాల్నా?" అన్నది. "సర్వీసంత నేను పట్టింది దొంగ మూర్ఛ. లోపట మనిషి ఉంటడు, లేనట్టు పడుకుంటడు. దాసింది గావట్టి గుంజితె బయటికొస్తది. ఇది ఉల్టా. లోపట ఎవ్వరు లేకుంట ఉన్నట్టు మాట్లాడుతున్నదేమో. దొంగ మెలకువ. లేనిదాన్ని ఎట్ల గుంజుదు?"

"ఈ సంగతి నన్నడుగు నర్సమ్మా" అన్నడు బుచ్చిరాములు. ఈసారి గొంతుల ఎకసక్కెం లేదు. "కథల తల్లి బిడ్డను ఎడబాసే కాడ నేను ముప్పై ఏండ్ల సంది ఏడుస్తున్న. ఒకనాడు పాణమంత కథలనే ఉంటది, నీళ్లు వాటంతటవే కారుతయి. ఒకనాడు మనసంత ఇంట్ల ఉడుకుతున్న బోటి కూర మీద ఉంటది. ఆనాడు గూడ నీళ్లు కారుతయి, ఒక చుక్క తక్కువ గావు. చూసేటోళ్లు రెండు నాళ్లు ఒక్కతీరుగనే ఏడుస్తరు. ఏనాటిది అసలో నాకొక్కనికే ఎరుక."

మెహరాజ్ బేగం నడుము మీద చెయ్యి పెట్టుకున్నది. "అరె! మొన్న ఇబ్రహీంపూర్‌ల నీ కథకు నేను ఎక్కెక్కి ఏడిస్తిని. ఆనాడు బోటి కూరనా?"

"చ, చ, ఆనాడు కాదు ఆపా" అన్నడు బుచ్చిరాములు. "ఆనాడు తలకాయ కూర."

మెహరాజ్ టేపు గుంజి ఆయన నెత్తి మీద ఒక్కటేసింది. నవ్వులు సల్లబడ్డంక స్వరాజ్యలక్ష్మి పెట్టె దిక్కు తిరిగింది. "ఈయనకు ఏది అసలో ఈయనకన్న తెలుసు. నీది నీకన్న తెలుసా సాయిలూ?"

"గక్కడనే చిక్కు. నా లోపటికి నేను చూసుకుంటున్ననా, చూసుకుంటున్నట్టు చెప్పుడే నేర్సుకున్ననా అన్నది గూడ నేను మాటలతోనే చెప్పాలె. ఆ మాటలు యాడికెళ్లి వచ్చినయో ఇందాకనే చెప్పిన."

"సాలు సాలు! మీకు చదువుకున్నోళ్ల పరీక్షలు తప్ప తెల్వయి" అని వెంకటనర్సయ్య ముంగటికి జరిగిండు. "నా పరీక్ష వినుండ్రి. పోయిన నెల నాకు జరమొచ్చి రెండు రోజులు రాలె. మూడోనాడు వచ్చి గడపల కాలు పెట్టిన్నో లేదో, 'యాడికి పోయినవ్ కాకా, నీ కోసమే చూస్తున్న' అన్నడు. లోపట ఎవ్వరు లేకుంటె చూసింది ఎవరు?"

"గోలీలు మింగలేదని అండ్ల పడ్తది తాతా" అన్నడు రాకేష్. "రెండు రోజులు పడితె మూడోనాడు అడుగుతది. గంతే."

"అట్లనకు బిడ్డా" అన్నది స్వరాజ్యలక్ష్మి. అందరు ఆమె దిక్కు చూసిన్రు. "నేను గూడ నా సర్వీసంత గోలీలు మింగిన్రా, మింగిన్రా అని ఇల్లిల్లు తిరిగి అడిగిన. రిజిస్టర్ల రాయాలె గావట్టి అడిగిన. కొందరిని మాత్రం రిజిస్టర్ కోసం అడగలె, వాళ్లు పైలంగ ఉండాలనే అడిగిన. మాట ఒక్కటే, గొంతు గూడ ఒక్కటే. ఎవర్ని దేనికోసం అడిగిన్నో వాళ్లకు ఇప్పటికీ తెల్వది."

గోడ గడియారం రెండున్నర చూపెడుతున్నది. రాకేష్ సంచి సర్దుకుంటున్నడు. వెంకటనర్సయ్య నోరు మూసుకోని కండ్లతోనే బతిమిలాడుతుండు. చిన్నప్పుడు చెల్లె పలక పగిలితె తన పలక ఇచ్చి సారుతోని దెబ్బలు తిన్నోడు ఆయన. ఆయన కోసం 'ఉన్నది' అని రాయచ్చు. ఎవ్వరడుగుతరు? కాని స్వరాజ్యలక్ష్మి చూడని బీపీని చూసినట్టు రాసిన మనిషి కాదు. చూడని సోయిని చూసినట్టు ఎట్ల రాస్తది?

అప్పుడు ఆమెకు ఒక ఉపాయం తట్టింది. చెయ్యి లేకుంటె ఏమాయె, ముక్కు ఉన్నది గద! దాని బతుకే దాని ముక్కు, తుడుపుడే మీద పడే చెయ్యి. ఆ ముక్కు మీదికి దెబ్బ వస్తుంటె వంక తిరుగుతదా లేదా?

"సాయిలూ, నేను 'లేదు' అని రాస్తె నిన్ను తుడిచేస్తరు. ఎరికేనా?"

"ఎరికే."

"'ఉన్నది' అని ఒక్క మాట గట్టిగ చెప్పు. మా అన్న మొఖం చూసి నేను రాసేస్త. బతుకుతవ్."

"గట్లనైతె మీ సంతకం అబద్ధమైతది. అది బాగుండదు నర్సమ్మా."

స్వరాజ్యలక్ష్మి నోటి మీద చెయ్యేసుకున్నది. ఆమె పరీక్షల సాయిలు చెయ్యి తప్పించుకోకుండ సరిగ్గ సాయిలు ముక్కు మీదనే పడ్డది! ముక్కు మీద పడితె ఆమె లెక్కల సోయి లేనట్టు. అయితె తన ముక్కు పగిలినా సరె, ఎదుటి మనిషి మాట పోవద్దన్నోడిని సోయి లేదని ఏ నోటితోని అంటం? ఊర్ల అందరికన్న సోయి ఉన్నోడు వాడేనంటం గద! ఇన్నేండ్ల పరీక్ష మొదటిసారి రెండు దిక్కులా వేలు చూపెట్టి నిలబడ్డది.

ఆమె నవ్వుడు మొదలుపెట్టింది. కండ్లద్దాలు తీసి నవ్వింది. కుర్చీ కిర్రుమనేదాక నవ్వింది. మెహరాజ్ భయపడి నీళ్లు తెచ్చింది.

"ఏమైందే చెల్లే, నీ సోయి తప్పిందా?" అన్నడు వెంకటనర్సయ్య.

"లేదన్నా, ఇప్పుడే వచ్చింది" అని ఆమె కాయితం ముంగటికి గుంజుకున్నది. "మల్లన్నసాగర్ కాలువలు తవ్వేటప్పుడు ఎండదెబ్బకు ఒకాయన పడిపోయిండు, యాదికున్నదా? నాడి ఒకసారి దొరికినట్టయితది, ఒకసారి పోయినట్టయితది. అయిపోయిందని అందరన్నరు. డప్పులోళ్లకు కబురు గూడ పోయింది. నేనేమన్న?"

"కూసోబెట్టమన్నవ్" అన్నడు బుచ్చిరాములు. "మనిషిని ఒకన్ని పక్కన కూసోబెట్టమన్నవ్."

"ఉన్నడని నేను అనలె. పోయిండని అనలె. తేలనోన్ని ఎవ్వరన్న కాష్టానికి తీసుకపోతరా అన్న. పొద్దుగూకేటాళ్లకు ఏమాయె?"

ఏమాయెనో మిరుదొడ్డిల అందరికి ఎరికే. ఏడ్సేటోళ్లు తనను పొగుడుతుంటె విని, ఆయన ఒక కన్ను తెరిచి, "ఇంకొంచెం చెప్పుండ్రి" అన్నడంటరు. అంత అనలేదు గని, నీళ్లడిగింది మాత్రం నిజం.

స్వరాజ్యలక్ష్మి కలం కాయితం మీద ఆనించింది. 'ఉన్నది', 'లేదు' అన్న రెండు గడులను ఇడిచిపెట్టి, వాటి కింద ఖాళీ జాగల గుండ్రటి అచ్చరాలతోని రాసింది: 'తెల్వదు. తేలేదాక తుడువద్దు. పక్కన మనిషి ఉండాలె.' కింద సంతకం, తారీఖు.

"అమ్మా, గిండ్ల రెండే ఉన్నయి. మూడోది లేదు" అన్నడు రాకేష్.

"లేకుండె. ఇప్పుడున్నది. పంపు బిడ్డా."

రాకేష్ నెత్తి గోక్కుంట ఫోన్ల ఫోటో కొట్టి ఆఫీసుకు పంపిండు. ఆ జవాబు వచ్చేదాక ఉన్న పది నిమిషాలల్ల వెంకటనర్సయ్య పదిసార్లు తువ్వాల విప్పి పదిసార్లు కట్టిండు. మెహరాజ్ పెట్టిన చాయ మీద మీగడ కట్టింది. ఫోన్ మోగింది. రాకేష్ విన్నడు, "సరె సార్" అన్నడు, మల్ల విన్నడు. ఫోన్ జేబుల పెట్టుకోని నవ్విండు.

"ఒప్పుకున్నరు తాతా! నెల రోజులు ముట్టుకోరు."

అబ్బ, ఏం సంబురం! బుచ్చిరాములు కుట్టు బల్లనే డోలు చేసి దరువేసిండు. మెహరాజ్ బేగం పెట్టె మీదికెళ్లి గుప్పెడు చక్కెర తిప్పి అందరి నోట్లె పోసింది. వెంకటనర్సయ్య చెల్లె రెండు చేతులు పట్టుకోని, "నువ్వు గట్టిదానివే" అన్నడు. "శుక్రియా నర్సమ్మా" అన్నది పెట్టె. ఆ మాట మెహరాజ్ దగ్గర ఎప్పుడు నేర్సిందో ఏమో.

"ఒక్క షరతు పెట్టిన్రు" అన్నడు రాకేష్, సంచి భుజాన ఏసుకుంట. "సోయి ఉన్నదో లేదో తేల్చాలంటె అది ఏడాది సంది ఏం మాట్లాడిందో చూడాలె గద. దాని మాటలు, దానితోని మాట్లాడినోళ్ల మాటలు అన్నీ కాయితాల మీద తీసి ఎల్లుండి పంపుతరు. సంతకం పెట్టిన నర్సమ్మ కూసోని మొత్తం సదవాలె."

వెంకటనర్సయ్య నోట్లె చక్కెర నోట్లెనే ఆగింది. "అన్నీనా?"

"అన్నీ తాతా. ఒక్క అచ్చరం పోదు."

"నేను మెల్లగ... చెవుల చెప్పినట్టు చెప్పినయి గూడనా?"

"మెల్లగ చెప్పినయి గూడ."

అరిగిన మోకాళ్ల మనిషి దబ్బున లేచిండు. పెట్టెను వైరుతో సహా ఎత్తి రాకేష్ చేతులల్ల కుక్కిండు. "తుడువు బిడ్డా! ఇప్పుడే తుడువు. నా ముంగటనే తుడువు. బస్సు పోతె పోనియ్యి, సైకిల్ మోటర్ మీద దింపిస్త!"

బుచ్చిరాములు దరువు సగంల ఆగింది. మెహరాజ్ చేతిల చక్కెర నేల మీద పడ్డది.

"అట్లంటివేంది కాకా?" అన్నది పెట్టె.

స్వరాజ్యలక్ష్మి పెట్టె దిక్కు చూడలె. ఆమె చూపు అన్న చెవుల మీద ఉన్నది. డెబ్భై ఒక్క ఏండ్ల చెవులు మోదుగుపూల లెక్క ఎర్రబడ్డయి. పుట్టి బుద్ధెరిగినకాడి నుంచి ఆ చెవులు అట్లయింది ఆమె చూడలె.

"అన్నా" అన్నది మెల్లగ. "దీనికి ఏం చెప్పినవే?"

వెంకటనర్సయ్య గోడ దిక్కు తిరిగిండు. జవాబు పెట్టెలకెళ్లి వచ్చింది, పాపం, ఎంతో పైలంగ:

"చెప్పద్దని ఒట్టు పెట్టించుకున్నడు నర్సమ్మా. ఆమె పేరు గూడ చెప్పద్దన్నడు."